వేపమండలు తీసేసిన పేట

అరవై ఎనిమిదో సంవత్సరం ఫాల్గుణంలో చినమొగపేటలో కొన్ని గుమ్మాలకు వేపమండలు వేలాడాయి. నాగావళి సముద్రంలో కలిసేచోటికి ఉత్తరాన, సరుగుడు తోటలకీ ఇసకకీ మధ్య ఉన్న జాలరి పేట అది.

మండ కట్టిన ఇంట్లో ఏం జరుగుతున్నదో ఎవరూ ఎవరినీ అడగరు. మశూచికం అన్న మాట నోటితో అనరు. అమ్మోరు వచ్చింది అని కూడా గట్టిగా అనరు. ఆ ఇంట్లో పోపు వెయ్యరు, తల దువ్వుకోరు. లోపలివాళ్ళు బయటికి రారు, బయటివాళ్ళు గడప తొక్కరు. ఇరుగుపొరుగువాళ్ళు గంజీ చేపా తెచ్చి వాకిలి చివర పెట్టి వెళ్ళిపోతారు. ఇంట్లో అమ్మోరు ఉండగా వచ్చినవాళ్ళను రావద్దని నోటితో అనకూడదు. అంటే అమ్మోరినే పొమ్మన్నట్టు అవుతుందనీ, ఆవిడ మంచం మీది మనిషిని వెంటబెట్టుకునే పోతుందనీ వాళ్ళ భయం. అందుకని ఆ మాట మండలే చెప్పాలి. రోగికి తలకు నీళ్ళు పోసిన రోజున మండలు తీసి సముద్రంలో కలుపుతారు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో పేటలో ఎవరికీ తెలియదు.

చిన్నతల్లి ముఖం మీద ఆ మచ్చలే ఉన్నాయి. చిన్నప్పుడు ఆమెకూ తమ్ముడికీ ఒకేసారి పోసింది. ఆమె బతికింది, వాడు బతకలేదు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు ఇప్పుడు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మూడో నెల నడుస్తోంది. పేరింకా పెట్టలేదు, అమ్మడు అని పిలుస్తున్నారు. మండ కట్టిన ఇళ్ళున్న వీధి వైపు చిన్నతల్లి ఆ పిల్లను తిప్పి కూడా చూపించలేదు.

టీకాల ఇనస్పెక్టరు నరసింగరావు సైకిలు మీద వచ్చి, పేట పెద్ద సూరయ్య ఇంటి ముందు కూర్చున్నాడు. నరసింగరావు పాలకొండ వైపు రైతు కుటుంబంలోవాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"సూరయ్య గారూ, ఇంక ఆగడానికి లేదు. అందరూ టీకా వేయించుకోవాలి," అన్నాడు.

సూరయ్య వల ముడి వేస్తూనే నవ్వాడు. "గారా! ఓరి నాయనా, మా అయ్య కూడా నన్ను అలగ పిలవనేదు. సూడు బాబూ, సూదికి నాను అడ్డం సెప్పను. అమ్మోరు పేటలో ఉండగా ఒంటి మీద ఇనుము పెట్టకూడదు. ఆదారం అమ్మోరిని సాగనంపుతాం. ఆ మర్నాడు నువ్వు రా. మొట్టమొదట నా సెయ్యే సాపుతాను."

"మాటేనా?"

"ఏటి, కాయితం మీద రాయమంతావేటి? జాలారోడి మాట. సోమారం ఒక్క సెయ్యి తప్పినా నన్నడుగు."

నరసింగరావు ఒప్పుకున్నాడు. తిరిగి వెళ్తుంటే చిన్నతల్లి పిల్లను చంకనేసుకుని ఇంటి ముందు ఎదురయింది.

"ఇనస్పెట్రుబాబూ, ఇంత గుంటకి కూడా ఏస్తావేటి?"

"వేస్తానమ్మా. పొత్తిళ్ళలో పిల్లకైనా వెయ్యొచ్చు. ఇప్పుడే వేస్తాను, ఇలా తీసుకురా."

ఇంట్లోంచి అత్త లక్ష్మణమ్మ గొంతు వినిపించింది. "ఒసే, బుద్దుందేటే నీకు? పేటంతా ఆగితే నీ కూతురొక్కర్తే ముందేటి? అమ్మోరు సూస్తన్నాది."

"సోమారం నాకు తొలి వంతు ఉంచు బాబూ," అంది చిన్నతల్లి గొంతు తగ్గించి. "ఈలోగా ఆ గాలి తగిలితే మరేటి సెయ్యాలి?"

"తగిలిన మూడు రోజుల్లోపు టీకా పడితే చాలామటుకు గండం గడుస్తుంది. ఆలస్యం చేస్తే లాభం లేదు. నేను అరసవల్లిలో తాయారుగారింట్లో అద్దెకుంటున్నాను. గుడికి వెనక వీధి. ఎప్పుడైనా రా."

ఆ సాయంత్రం శ్రీకాకుళంలో నరసింగరావు తన పైఅధికారికి ఈ సంగతి చెప్పాడు. జిల్లాలో మశూచి పనికోసం వేసిన ప్రత్యేకాధికారి ఆయన. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సోమవారమా? రోగం సోమవారం దాకా ఆగుతానందా?" అన్నాడు.

"పెద్దమనిషి మాటిచ్చాడు సార్. బలవంతం లేకుండా అందరూ వస్తారు."

"పోయిన నెల ఇంకో ఊళ్ళో ఇలాగే పెద్దమనిషి మాట విని ఆగాను. సాగనంపే పండక్కి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వచ్చి అంటించుకుపోయారు. గోతులు తవ్వడానికి మనుషులు దొరకలేదు. నువ్వు చూడలేదు, నేను చూశాను. రేపు పొద్దున్నే వెళ్తున్నాం. పోలీసులను అడిగాను. రోగం ఉన్న ఇళ్ళు ఎలా తెలుస్తాయి?"

నరసింగరావు చెప్పాడు. పైఅధికారి అడిగితే చెప్పడం తన పని అనుకున్నాడు. వేపమండలు ఉన్న ఇళ్ళు అని చెప్పాడు.

"తలుపు తియ్యకపోతే? పగలగొట్టి లోపలికి వెళ్ళే అధికారం మనకుందా సార్?"

"అంటురోగాల చట్టం చదివావా? ఉంది."

"చట్టంలో ఉందనుకోండి..."

"అనుకోవడం ఏమిటి? ఉంది."

ఆయన చెప్పిన గోతుల మాట అబద్ధం కాదని నరసింగరావుకు తెలుసు.

తెల్లవారుతూండగా రెండు వ్యాన్లు ఇసకలో కూరుకుపోతూ వచ్చి ఆగాయి. తెప్పలు అప్పటికే సముద్రం మీదికి వెళ్ళిపోయాయి. పేటలో ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఉన్నారు. పోలీసులు మండలు చూసుకుంటూ ఇల్లిల్లూ తట్టారు. తియ్యని తలుపులను బూట్లతో తన్నారు. తాటాకు ఇళ్ళ తలుపులు ఒక్క తన్నుకే ఊడిపోయాయి. జ్వరంతో ఉన్న మనుషులను దుప్పట్లతో సహా ఎత్తి, అంటురోగాల ఆసుపత్రికని వ్యాను ఎక్కించారు. తక్కినవాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకుని, బొత్తాంలాంటి ముళ్ళచక్రాన్ని జబ్బ మీద ఒత్తి తిప్పారు. సూరయ్య అక్క ముసలిది, విధవ. మగవాడి చెయ్యి తగలక ఎన్నేళ్ళయిందో. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆవిడ చేతులు విరిచి పట్టుకుంటే మూడోవాడు పైట తప్పించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని సముద్రం వైపు ముఖం తిప్పుకుంది.

చిన్నతల్లి వీధిలో నిలబడి ఇదంతా చూసింది. టీకాల పెట్టె పట్టుకుని నరసింగరావు ఎదురయ్యాడు.

"సోమారం అన్నావు కదేటి బాబూ," అంది.

అతను పెట్టె మూత తీశాడు. "పాపేదీ? తొందరగా తీసుకురా. ఇప్పుడు వేసేస్తాను," అన్నాడు.

ఆమె ఇంటికి పరుగెత్తింది. ఉయ్యాల ఖాళీగా ఉంది. సూరయ్య అక్కను పట్టుకోవడం గుమ్మంలోంచి చూడగానే లక్ష్మణమ్మ పిల్లను గుడ్డలో చుట్టుకుని సరుగుడు తోటలోకి పారిపోయింది. చిన్నతల్లి తోటంతా పిలుస్తూ తిరిగింది. కేక వినబడ్డకొద్దీ ముసలమ్మ ఇంకా లోపలికి పోయింది. దొరికేటప్పటికి ఎండెక్కింది.

"ఇయ్యి అత్తా గుంటని! సూది ఏయిస్తాను!"

"నన్ను సంపి ఏయించు. ఆ ముసిల్దాన్ని ఏటి సేసారో సూడనేదేటే? బట్టలూడదీసి ఏసేది వొయిద్దెమేటే?"

పిల్లను లాక్కుని వచ్చేసరికి వ్యాన్లు వెళ్ళిపోయాయి.

మగవాళ్ళు తెప్పల మీంచి దిగి సంగతి విన్నారు. సూరయ్య తన అక్క పక్కన చాలాసేపు కూర్చుని లేచి వచ్చాడు. "మండలు సూసుకునే వొచ్చినారు. తీసెయ్యండి," అన్నాడు. పొద్దుగూకేసరికి పేటలో ఒక్క గుమ్మానికీ ఆకు లేదు.

మర్నాడు ప్రభుత్వం పేట చుట్టూ కాపలా పెట్టింది. గిరిజనుల ఉద్యమాన్ని అణచడానికి ఏజెన్సీ కొండలకు పోలీసులు తరలిపోతున్న రోజులవి. ఉన్న నలుగురినీ సరుగుడు తోట దారిలో నిలబెట్టారు. ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. గుంపు కూడకూడదు కనక అమ్మవారిని సాగనంపడం కూడా ఆగిపోయింది. ఎండుచేపలు ఆమదాలవలస సంతకు వెళ్ళలేదు. మగవాళ్ళకు పడకుండానే పేటకు టీకాలు అయిపోయినట్టు రాసుకుని నరసింగరావును ఆమదాలవలస స్టేషనుకు పంపారు. రైలు దిగేవాళ్ళకు అక్కడ టీకాలు వెయ్యాలి.

కొన్నాళ్ళు గడిచాయి. కొత్తగా ఏ ఇంటికీ మండ కనబడలేదు కాబట్టి అమ్మోరు వెళ్ళిపోయిందనుకుంది చిన్నతల్లి. మనసుకు అలవాటైన లెక్క అది. ఆకు లేదంటే భయం లేదు.

ఆమెకు తల్లీ తండ్రీ లేరు. పెంచింది పిన్ని కూర్మమ్మ. పేటలోనే ఉత్తరపు కొసన ఇల్లు. పిల్ల పుట్టాక మొదటిసారి వెళ్ళే ఇల్లు తల్లి పుట్టిల్లే కావాలి. అక్కడ పొయ్యిలో బూడిద పిల్ల నుదుట పెట్టాలి. ఆ తర్వాతనే ఏ ఇంటికైనా. మూడో నెల దాటిపోతోందని లక్ష్మణమ్మ తొందర పెట్టింది. చిన్నతల్లి పిల్లకు కాటుక దిద్ది, చీరచెంగులో చుట్టుకుని బయల్దేరింది.

కూర్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నతల్లి నవ్వింది.

"ఏటి పిన్నీ, మనవరాలొస్తే ఎదురు రావా?"

కూర్మమ్మ రమ్మనలేదు. వద్దనలేదు. రెండు చేతులతో తలుపు చెక్కలు పట్టుకుని నిలబడింది.

పోలీసులొచ్చిన రోజున తను పిన్నిని చూడ్డానికి రాలేదు. అందుకు అలిగిందనుకుంది చిన్నతల్లి. కూర్మమ్మ అలిగితే మాట్లాడదు, అది చిన్నప్పటినుంచి ఉన్నదే.

"అబ్బో, అలకే! నా మీద కోపవైతే నన్ను కొట్టు. ఈ గుంటేటి సేసినాదే నీకు? తప్పుకో, బూడిద ఎట్టించుకుని పోతాను," అంటూ భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళింది.

కూర్మమ్మ చేతులు తలుపుమీంచి జారిపోయాయి. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

చిన్నతల్లి పొయ్యి దగ్గర కూర్చుని పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పొయ్యి చల్లగా ఉంది. ఇంట్లో తాళింపు వాసన లేదు. వేరే వాసన ఉంది. ఆ వాసన ఆమె ఎరుగును. ఏడేళ్ళప్పుడు ఆమె పక్కలోనే, ఆమె ఒంటిమీంచే వచ్చింది. తల తిప్పి చూస్తే గదికి అడ్డంగా చీర కట్టి ఉంది. చీర వెనకనుంచి కూర్మమ్మ కొడుకు రాముడు మూలిగాడు.

చిన్నతల్లి పిల్లను ఎత్తుకుని ఒక్క దూకున బయటికి వచ్చింది. పిన్ని ముఖం వంక చూడలేదు.

ఇంటికి కూడా వెళ్ళలేదు. తిన్నగా తోటదారికి వెళ్ళింది. కానిస్టేబులు చెట్టుకింద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఆగు, ఆగు. ఎక్కడికి?"

"అరసవల్లి. ఈ గుంటకి సూది ఏయించాల బాబూ."

"మీ పేటకి వేసేశారుగా?"

"దీనికి పడనేదు. ఇనస్పెట్రుబాబే రమ్మన్నాడు. మూడు దినాల్లో ఏయించాలంట."

"మూడైతే మూడు, ముప్ఫై అయితే ముప్ఫై. దాటనివ్వొద్దని ఆర్డరు."

"ఆర్డరేటి దేనికి బాబూ? అమ్మోరు ఊళ్ళోకి పోకుండాకే గదా? నా గుంటకి సూది పడితే పోదు గదా?"

కానిస్టేబులు నొసలు చిట్లించాడు. అతను చెడ్డవాడు కాదు. "చూడమ్మా, నేను డాక్టర్ని కాదు. నిన్ను వదిలితే నా ఉద్యోగం పోద్ది. రేపు సారు జీపులో వస్తారు. అప్పుడు చెప్పుకో."

మర్నాడంతా ఆమె దారి పక్కనే కూర్చుంది. జీపు రాలేదు.

ఆ రాత్రి మొగుడు ఎర్రన్నతో చెప్పింది. లక్ష్మణమ్మ మూలన కూర్చుని వింటోంది.

"తెప్ప తియ్యి మావా. ఏరు కలిసే మొగ దాకా సంద్రం మీంచి పోదాం."

"తెప్పలు దిగితే తుపాకీతో కాలుస్తామన్నార్రా," అంది లక్ష్మణమ్మ.

"నోర్ముయ్యి అమ్మా," అన్నాడు ఎర్రన్న. "ఆ దినం నువ్వు తోటలోకి పోకపోతే ఇదేటీ నేదు."

తెల్లారగట్ల తెప్పను నీళ్ళలోకి నెట్టేటప్పుడు లక్ష్మణమ్మ కూడా వచ్చి ఓ చెయ్యి వేసింది.

కెరటాలు పెద్దవిగా ఉన్నాయి. చిన్నతల్లి పిల్లను గుండెకు కట్టుకుని దుంగల మీద బోర్లా పడుకుంది. మొగ దగ్గర ఒడ్డున దిగి, చేలకు అడ్డంపడి నడిచి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి అరసవల్లి చేరారు. గుడి వెనక వీధిలో తాయారమ్మ ఇల్లు చూపించారు ఎవరో.

"నరసింగరావు లేడమ్మా. ఆమదాలవలసలో ఉన్నాడు. ఇయ్యాల వస్తాడో రేపే వస్తాడో," అంది తాయారమ్మ. "ఏ ఊరు మీది?"

ఎర్రన్న చెప్పాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

"ఆమదాలవలస ఎల్లిపోదాం," అంది చిన్నతల్లి.

"శ్రీకాకుళం ఊళ్ళోంచి పోవాలి. బస్సెక్కితే పేట పేరు అడుగుతారు. పట్టుకుంటే మళ్ళీ తోటకాడికే," అన్నాడు ఎర్రన్న. "మనం బయల్దేరి, ఆయన ఇటొచ్చేస్తే?"

పశువుల సాలలో కూర్చోమంది తాయారమ్మ. మంచినీళ్ళు చెంబు దూరంగా పెట్టి పోయింది. సాయంత్రం అయింది. నరసింగరావు రాలేదు. మర్నాడు దీపాల వేళకు సైకిలు దిగి, సాలలో మనుషులను చూసి ఆగిపోయాడు.

చిన్నతల్లి లేచి పిల్లను అతని ముందుకు చాపింది. "రాముడికి అమ్మోరు పోసింది. నాకు తెల్దు. మండ నేదు. దీన్ని ఆ ఇంటికి అట్టుకెల్లాను."

"ఎప్పుడు?"

ఆమె చెప్పింది. అతను మనసులో లెక్క వేసుకున్నాడు. మూడు రోజులూ దాటిపోయాయి. అతని ముఖం ఎర్రన్న చూశాడు, చిన్నతల్లి చూడలేదు. పెట్టె తెరిచి, మందు చుక్క వేసి, పిల్ల చేతి మీద చక్రం తిప్పాడు. పిల్ల కెవ్వుమంది.

"ఇంక పరవానేదు కదా బాబూ?"

"నిన్ననో మొన్ననో పడి ఉంటే చెప్పగలిగేవాణ్ణి," అన్నాడు నరసింగరావు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాలేదు. "చూద్దాం తల్లీ."

అతనే వాళ్ళను వెంటబెట్టుకుని పేటకు దిగబెట్టాడు. కాపలా దాటినందుకు ఎర్రన్న మీద కేసు పెడతానన్నాడు ప్రత్యేకాధికారి.

"టీకా కోసం దాటారు సార్. మనం వద్దన్నవాళ్ళ చేతులు విరిచి వేశాం. వెయ్యమని అడిగినదాన్ని దారిలో కూర్చోబెట్టాం," అన్నాడు నరసింగరావు.

"ఒకళ్ళను వదిలితే పదిమంది వెళ్తారు."

"ఒక టీకా మనిషిని దారి దగ్గర ఉంచితే ఎవరూ వెళ్ళక్కర్లేదు సార్."

ఆ పని మర్నాటినుంచి జరిగింది. ఎర్రన్న మీద కేసు జరగలేదు.

చేతి మీద టీకా పొక్కింది. పొక్కిందని చిన్నతల్లి సంతోషించింది. పొక్కు ఇంకా పచ్చిగా ఉండగానే జ్వరం వచ్చింది. తర్వాత నోట్లో, తర్వాత ముఖం మీద. పిల్ల పాలు పట్టడం మానేసింది. ఒళ్ళు ముట్టుకుంటే ఏడ్చేది, ఆ తర్వాత ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఎర్రన్న వాకిట్లో కూర్చుని దగ్గరికి వచ్చినవాళ్ళనల్లా చెయ్యి ఊపి పంపేశాడు. లక్ష్మణమ్మ వేపాకు నూరి పెట్టింది, పసుపునీళ్ళు చల్లింది, దారి దగ్గర పెట్టిన టీకా మనిషి ఇచ్చిన మందు కూడా వద్దనకుండా పట్టించింది.

ఒక మధ్యాహ్నం పిల్ల పోయింది.

అమ్మోరు తీసుకుపోయిన బిడ్డకు ఏడవకూడదు. ఏడిస్తే ఆవిడకు కోపం వచ్చి ఇంకొకరిని తీసుకుపోతుంది. చిన్నతల్లి నోరు తెరిచినప్పుడు లక్ష్మణమ్మ అరచేత్తో మూసి పట్టుకుంది. ఆ చేతిని చిన్నతల్లి నెత్తురు వచ్చేలా కొరికింది. ముసలమ్మ చెయ్యి తియ్యలేదు. ఎర్రన్న ఒక్కడూ వెళ్ళి ఇసకలో గొయ్యి తీసి పూడ్చి వచ్చాడు.

రాముడు బతికాడు. వాడి తలకు నీళ్ళు పోసిన తర్వాత కూర్మమ్మ వచ్చి, వాకిలి చివర, గంజి పెట్టేచోట నిలబడింది. చిన్నతల్లి బయటికి వచ్చింది.

"ఒక్క మాట సెప్పీకూడదేటే పిన్నీ? ఒక్క మాట. రావొద్దే అంటే పోనుగదా."

"నోటితో ఎలగ అంతానే? లోపల నా కొడుకు ఉన్నాడు. అంటే ఆడు పోతాడు గదా." కూర్మమ్మ ముఖం ఎముకలు తేలిపోయి ఉంది. "మండ ఉంటే నువ్వు రావు. కడితే ఆడిని ఎత్తుకుపోతారు. నానేటి సెయ్యాలి, సెప్పు. నువ్వే సెప్పు."

చిన్నతల్లి పిన్నిని పొమ్మనలేదు.

పేటలో ఇంకా ఐదారిళ్ళలో దాచుకున్న రోగులు బయటపడ్డారు. నరసింగరావు ప్రత్యేకాధికారిని అడిగాడు. ఈసారి పోలీసులు లేకుండా తనొక్కణ్ణే పంపమన్నాడు.

"ఎవరైనా తప్పిపోతే?"

"నన్ను తీసెయ్యండి సార్."

"నీ ఉద్యోగం పోతే రోగం ఆగదయ్యా," అన్నాడాయన. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. "వెళ్ళు."

సూరయ్య ఈసారి వల పక్కన పెట్టి విన్నాడు.

"మండలు మళ్ళీ కట్టుకోండి. కట్టిన ఇంటి తలుపు ఎవరూ తన్నరు. నేను గడప బయట నిలబడి అడుగుతాను. మీరు చెయ్యి చాపితేనే వేస్తాను," అన్నాడు నరసింగరావు.

"నీ మాటకి పైనోల్లు కట్టుబడతారేటి?"

నరసింగరావు తల వంచుకున్నాడు. "తెలీదు. నా మాటకైతే నేను కట్టుబడతాను."

"మొన్న కూడా మాటనుకున్నాం."

"అనుకున్నాం. నేను నిలబెట్టలేకపోయాను."

సూరయ్య లేచి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పోలీసులొచ్చినప్పుడు అతను సముద్రం మీద ఉన్నాడు, అతనికి టీకా పడలేదు. "ఏసియ్యి. మాటిచ్చినాను గదా. సోమారం కాకపోతే ఇంకో వారం," అన్నాడు.

మగవాళ్ళు అతని వెనకాల వచ్చారు. ఆ రోజు టీకా తప్పించుకున్న ఆడవాళ్ళు వచ్చారు. అప్పుడు చంటిపిల్లలను దాచుకున్న తల్లులు మాత్రం దూరంగా ఆగిపోయారు. ముళ్ళచక్రం చూస్తే పిల్లను గట్టిగా పట్టుకోవడానికి వాళ్ళకు చేతులు రావడం లేదు. పిల్ల గింజుకుంటే మందు చెదిరిపోతుంది. నరసింగరావు అటూ ఇటూ చూశాడు. పట్టుకోమని ఎవరినైనా అడగడానికి అతనికి నోరు రాలేదు. మొన్న పట్టుకున్న చేతులు అందరికీ గుర్తున్నాయి.

చిన్నతల్లి ఇంట్లోంచి వచ్చింది. ఆమె స్నానం చేసి, మరిగే నీళ్ళలో ఉడికించి ఎండేసిన చీర కట్టుకుని ఉంది. ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పొయ్యదనీ, ఆమె వల్ల భయం లేదనీ నరసింగరావు తల్లులకు చెప్పాడు. ఆమె ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇయ్యండి," అంది. "నాను అట్టుకుంతాను."

ఎవరూ కదల్లేదు. "నువ్వా?" అంది ఒకామె, మెల్లిగా.

"నానే. ఇయ్యండే. ఎండెక్కుతన్నాది, గుంటలు మాడిపోతారు."

మొదటి పిల్లవాణ్ణి సూరయ్య కోడలు ఇచ్చింది. చిన్నతల్లి వాడి రెండు కాళ్ళూ తన మోకాళ్ళ మధ్య ఇరికించి, మోచెయ్యి ఒక చేత్తో బిగించి, తలను రొమ్ముకు ఆనించి పట్టుకుంది. వాడు కెవ్వుమని ఆగిపోయాడు. తల్లికి ఇచ్చేసి చేతులు చాపింది. ఇంకొకరిని ఇచ్చారు. మరొకరిని. ఆమె ఎవరి పేరూ అడగలేదు, ఎవరి ముఖంలోకీ చూడలేదు.

నాలుగో, ఐదో పిల్ల మూడు నెలలది. చక్రం తిప్పగానే గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తూ మూతితో చిన్నతల్లి గుడ్డలో వెతుక్కుంది. చిన్నతల్లి రొమ్ము ముందు పైట తడిసిపోయింది. తడి పాకుతూ నడుం దాకా దిగింది. నరసింగరావు చూసి చెయ్యి ఆపాడు.

"ఆపకు," అంది చిన్నతల్లి. పిల్ల చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "మందు ఆరిపోతాది. కానియ్యి."